హద్దురాళ్ళు తిరిగొచ్చిన రోజు

మా చిన్నాయన కర్ణాటకలో కోలారు జిల్లా బేతమంగళ చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళ స్థలాలు కొనిపించేవాడు, అమ్మించేవాడు. ఆయనకు ఆఫీసు లేదు, బోర్డు లేదు. బస్టాండు పక్కన టీ అంగడి ముందున్న బల్లమీద పొద్దున ఒక గంట కూర్చునేవాడు. పనున్నవాళ్ళు అక్కడికే వచ్చేవారు. బేరం కుదిరాక, రిజిస్ట్రేషనుకు ముందు, ఆయన తప్పకుండా జరిపించే తంతు ఒకటుండేది. మూరెడు పొడవున్న నాలుగు కొత్త రాళ్ళు కొట్టించి, మోపెడ్ మీద కాళ్ళ దగ్గర పేర్చుకుని స్థలానికి తీసుకువెళ్ళేవాడు. వాటిని నాలుగు మూలల్లో నిలబెట్టి, నాలుగు వైపుల ఇరుగుపొరుగును పిలిచేవాడు. దారి ఉన్న వైపైతే దారికి ఎదురింటివాళ్ళు రావాలి. ఒక్కొక్కరూ తమ వైపు రాయిమీద చెయ్యి పెట్టి, “దీనికవతల నాదేమీ లేదు” అనాలి. నలుగురూ అన్నాకే రాళ్ళు భూమిలోకి దిగేవి. ఒక్కరు రాకపోయినా, వచ్చి నసిగినా, రాళ్ళు తిరిగి మోపెడ్ ఎక్కేవి. ఆ బేరం అంతటితో సరి.

అలా రాళ్ళు తిరిగొచ్చింది ఇన్నేళ్ళలో రెండు మూడుసార్లేనని చిన్నమ్మ అంటుంది. చివరిసారి తిరిగిరావడానికి కారణం నేను.

నేను పెరిగింది కేజీఎఫ్‌లో, రాబర్ట్‌సన్‌పేటలో. మా నాన్న బ్యాంకు గుమాస్తా. మా ఇంట్లో ఏ కాగితమైనా రెండుసార్లు చదివి, ఫైల్లో పెట్టి, ఫైలుమీద దేని తాలూకుదో రాస్తారు. చిన్నాయన మటుకు ఊళ్ళోనే ఉండిపోయాడు. ఆయనకు అందరి తాతల పేర్లూ తెలుసు. ఏ స్థలం ఎవరి ముత్తాత పేరుమీద నిలిచిపోయిందో, వారసుల పేరుకు మార్చాలంటే ఎంతమంది అక్కాచెల్లెళ్ళ సంతకాలు కావాలో నోటితో చెప్పేవాడు. దాన్ని జ్ఞానమని నేనెప్పుడూ అనుకోలేదు. రాతలో లేనిది సాక్ష్యం కాదన్న నమ్మకంతో కాలేజీకి వెళ్ళాను. అక్కడ చర్చా పోటీలు ఆ నమ్మకానికి పదును పెట్టాయి.

పోటీల్లో మాకు నేర్పిన సూత్రాల్లో ఒకటి నా ఒంట్లో బాగా ఇంకిపోయింది: అవతలి పక్షం జవాబివ్వని వాదనను ఒప్పుకున్నట్టే లెక్క. న్యాయనిర్ణేతలు అలాగే మార్కులు వేస్తారు. అందుకని నేను మాట్లాడి ముగించాక అవతలివాళ్ళ ముఖాలు చూసేదాన్ని. మౌనం కనబడితే గెలిచానని తెలిసేది.

ఆ ఏడాది నాకు కప్పు తెచ్చిపెట్టిన విషయం ఇళ్ళు కొనేవాళ్ళ రక్షణకోసం వచ్చిన చట్టం, దాని కింద మన రాష్ట్రం చేసిన నియమాలు. లేఅవుట్లు వేసేవాళ్ళు నమోదు కావాలి, వాటిలో ప్లాట్లు అమ్మించే ఏజెంట్లు నమోదు కావాలి, ప్రతి ఏజెంటుకూ ఒక సంఖ్య ఉండాలి. నేను చట్టాన్ని సమర్థించే పక్షం. నా పక్షానికి ఎంత కావాలో అంతే చదివాను. పోటీకి సిద్ధపడేవాళ్ళు చేసే పనే అది. అందులో మోసం ఉందని అప్పట్లో తోచలేదు. గెలిచిన వారం ఒక పత్రికలో కప్పు పట్టుకున్న నా ఫొటో పడింది. చిన్నాయన దాన్ని కత్తిరించి టీ అంగడి గోడకు అతికించాడని తర్వాత తెలిసింది.

ఆ వారంలోనే నాకు డెయిరీ అక్క ఫోను చేసింది. బేతమంగళకు పక్క ఊళ్ళో పాల సంఘంలో పాలు పరీక్షించి రాసుకునే ఆమెను ఊరంతా అలాగే పిలుస్తారు. భర్త లేడు, ఒక కూతురు. సంఘానికి ఆనుకుని ఉన్న అద్దెగదిలో పన్నెండేళ్ళుగా ఉంటోంది. ఆ గది యజమాని పట్టుగూళ్ళకు చోటు కావాలని, ఖాళీ చెయ్యమన్నాడు. డెయిరీకి నాలుగడుగుల దూరంలో ఒక స్థలం అమ్మకానికి వచ్చింది. చిన్నాయన మాట్లాడి కుదిర్చాడు.

“నువ్వు సదువుకున్నదానివి కదమ్మా, ఆ కాగితాలు ఒకసారి చూస్తే నా మనసు గట్టిగుంటాది,” అంది. “మీ చిన్నాయన మీద అపనమ్మకం కాదు. నాకు ఇల్లంటే ఇది ఒకటే. ఇంగ రెండోది నా జన్మలో లేదు.”

వెళ్ళాను. స్థలంలో రాళ్ళు నిలబెట్టి ఉన్నాయి. ఇరుగుపొరుగు వచ్చారు. అమ్మే రైతు తన భుజంమీద తువ్వాలు సర్దుకుంటూ నిలబడ్డాడు. అక్క కూతుర్ని వెంటబెట్టుకుని, తలకు నూనె రాసి, పండక్కి వచ్చినట్టు వచ్చింది. నేను ఒక రాయిమీద కూర్చోబోతే చిన్నాయన, “దానిమీద కాదు తల్లీ, అది ముట్టేది, కూర్చునేది కాదు,” అని నవ్వాడు.

కాగితాలు చదివాను. ఊరి పరిధిలోని పాత ఇంటి స్థలం. పంచాయతీ ఆస్తి రికార్డైన ఖాతా రైతు తండ్రి పేరునుంచి రైతు పేరుకు మారింది. పన్ను రసీదులున్నాయి. చెల్లెళ్ళిద్దరి సంతకాలున్నాయి. వెతికాను, లోపం కనబడలేదు. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి: లోపం కనబడనందుకు నాకు సంతోషం కలగలేదు. నన్ను పిలిపించినందుకు తగ్గ పనేదీ దొరకలేదని చిరాకు కలిగింది.

అప్పటికి ముగ్గురు రాళ్ళు ముట్టారు. పడమటివైపు తాత మిగిలాడు. పట్టుపురుగులు పెంచే ముసలాయన. చెయ్యి చాపి ఒంగుతున్నాడు.

“చిన్నాయనా, నీ నమోదు సంఖ్య ఎంత?” అన్నాను.

“యేం నంబరమ్మా?”

“ఏజెంట్లకు రాష్ట్రం ఇచ్చే నంబరు.”

“నాకు ఫోను నంబరు ఉండాది, అంతే,” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

అప్పుడు నేను మాట్లాడాను. ఎంతసేపు మాట్లాడానో తెలియదు; గంట కొట్టి ఆపేవాళ్ళెవరూ అక్కడ లేరు. నమోదు లేని ఏజెంటు అమ్మకం జరిపించడం నేరమని చెప్పాను. రోజుల లెక్కన జరిమానా పడుతుందని చెప్పాను. రాయి ముట్టుకోవడం ఏ చట్టంలోనూ లేదని చెప్పాను. మూడు కారణాలు, ప్రతి కారణానికీ ఒక ఉదాహరణ, చివర ముక్తాయింపు. అమ్మే రైతు మధ్యలో అడిగాడు: “అమ్మినోడి మీద గూడా కేసు అవుతాదా పాపా?”

దానికి నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పడం మాకు నేర్పలేదు.

“అవకాశం ఉంది,” అన్నాను.

తాత చెయ్యి వెనక్కి తీసుకుని తువ్వాల్లో తుడుచుకున్నాడు. “నాకెందుకప్పా కోర్టు గీర్టు. పురుగులకి ఆకు వెయ్యల్ల,” అని కదిలాడు. ముట్టినవాళ్ళు కూడా ముట్టనట్టే ముఖాలు పెట్టుకుని వెళ్ళారు. చిన్నాయన నన్ను చూశాడు. నోరు తెరిచి, అక్క కూతురి వైపు ఒకసారి చూసి, మూశాడు. నేను ఆ మౌనాన్ని నా లెక్కలో వేసుకున్నాను.

రాళ్ళు ఒక్కొక్కటీ మోపెడ్ మీదికి ఎక్కించాడు. అక్క సాయం పట్టింది. అలవాటుగా ఆమె నాకొక నమస్కారం కూడా పెట్టింది, “మంచిదే అయింది లేమ్మా, ముందే చెప్పినావు” అని.

తరువాత జరిగినవి నాకు ముక్కలు ముక్కలుగా తెలిశాయి. నాలుగో రోజున బెంగళూరు వాళ్ళెవరో వచ్చి, ఇలాంటి బెదురు లేకుండా, ఆ స్థలానికి బయానా ఇచ్చి వెళ్ళారు. చుట్టూ ప్రహరీ కట్టి, గేటుకు తాళం వేశారు. లోపల ఈనాటికీ గడ్డే. అక్క గది ఖాళీ చేసి కేజీఎఫ్‌లో పాత గని కార్మికుల ఇళ్ళ లైన్లలో ఒక ఇంటి ముందరి భాగం అద్దెకు తీసుకుంది. తెల్లారకముందు తొలి బస్సెక్కి పాలవేళకు ఊరు చేరేది. బస్సు తప్పిన రోజులు ఎక్కువయ్యాక సంఘంవాళ్ళు పొద్దుటి పని మరొకరికి ఇచ్చి, ఆమెకు సాయంకాలం పని మటుకు ఉంచారు. జీతం సగమైంది.

చిన్నాయనను పిలిచేవాళ్ళు తగ్గారు. “సొంత అన్న కూతురే అనిందంట” అన్న మాట ఆయన మోపెడ్ కంటే ముందు ఊళ్ళు చేరింది. కొన్నాళ్ళకు బంగారుపేట దారిలో ఒక పెద్ద లేఅవుట్లో కాపలా పనికి కుదిరాడు. ఆ లేఅవుట్‌కు నమోదు సంఖ్య ఉంది. గేటు పక్క బోర్డుమీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ బోర్డు కింద, నెత్తిన టోపీతో, కార్లకు గేటు తీసేవాడు. ఆయన చట్టం నీడలోకి వచ్చాడని నేను మా నాన్నతో అన్నాను. నాన్న తలెత్తి నన్ను చూసి, చేతిలోని కాగితాన్ని మొదటినుంచి మళ్ళీ చదవసాగాడు.

నా తప్పు నాకు తెలిసింది ఏడాదిన్నర తర్వాత. చదువు ముగిసినా కాలేజీవాళ్ళు జూనియర్లకు శిక్షణ ఇవ్వమని పిలిచారు. అదే విషయం, ఈసారి వ్యతిరేక పక్షం. ఆ పిల్లలకోసం మొదటిసారి చట్టాన్ని అవతలివైపునుంచి చదివాను. నిర్వచనాల దగ్గర ఆగిపోయాను. నమోదు కావలసింది, నమోదు కావలసిన లేఅవుట్లలో, భవనాల్లో అమ్మించే ఏజెంట్లు. ఊరి మధ్యలో ఒక రైతు తన పాత ఇంటి స్థలం ఒకటి అమ్ముకుంటే, దాన్ని కుదిర్చిన మనిషికి ఆ సంఖ్య అక్కర్లేదు. అమ్మినవాడిమీద కేసు అన్న మాటే లేదు. నాలుగుసార్లు చదివాను. ప్రతిసారీ అదే ఉంది. నేను మాట్లాడిన రోజున కూడా అదే ఉండి ఉంటుంది.

చట్టం తప్పు కాదు. ఈ మాట ఇప్పటికీ అంటాను. ఒకే ప్లాటును ముగ్గురికి అమ్మినవాళ్ళను చూసిన జిల్లా ఇది. తప్పు నేను దాన్ని పట్టుకున్న తీరుది. సగం చదివిన చట్టాన్ని పూర్తి గొంతుతో చెప్పాను. ఈ వాక్యం కూడా పోటీల ధోరణిలోనే వచ్చింది, నాకు తెలుసు. ఎంత వంచి రాసినా, దాని అడుగున ఒక తల్లీ కూతురూ తొలి బస్సుకోసం నిలబడి ఉన్నారు.

వారంపాటు ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్ళెవరూ లేరు, చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఆ సుఖం ఎనిమిదో రోజుకు భరించరానిదైంది. లేఅవుట్ దగ్గరికి వెళ్ళాను. చిన్నాయన గేటు పక్క స్టూలుమీద కూర్చుని పల్లీలు ఒలుస్తున్నాడు. నా చేతిలో కొన్ని పోశాడు. నేను నిలబడే చెప్పాను, మొదటినుంచి చివరిదాకా.

ఆయన పల్లీ పొట్టు ఊదుకున్నాడు.

“తెలుసు లే,” అన్నాడు.

“ఏం తెలుసు?”

“నంబరు అక్కర్లేదని. ఆ మర్సటి దినమే కోలారు పొయ్యి, పత్రాలు రాసే ఆయప్పని అడిగినాను. ఆయప్ప నవ్వినాడు. నీకు నంబరిస్తే ఇంగ టీ అంగడి బల్లకి గూడా నంబరియ్యల్ల అన్నాడు. తిరిగొచ్చి రైతు ఇంటికి పోతే, ఆయన అప్పటికే బెంగళూరోళ్ళతో మాట్లాడేసినాడు. నంబరు లేని నా మాట యేమి ఇంటాడు?”

“మరి ఊళ్ళోవాళ్ళతో ఎందుకు చెప్పలేదు? నీ పని పోతూంటే?”

“ఊరంతా తిరిగి మా పాప తప్పు చెప్పింది అని చెప్పుకోమంటావా? అప్పుడే కప్పు తెచ్చుకునింటివి. అంగడి గోడమీద నీ ఫొటో నేనే అతికించినాను. దాన్ని నేనే పీకల్లనా?” ఇంకో పల్లీ ఒలిచి, “నాదేముంది తల్లీ, ఈడ నీడ ఉండాది, టోపీ ఉండాది. ఆ యమ్మ సైటే, నాలుగు దినాల్లో పొయ్యింది,” అన్నాడు.

మౌనాన్ని ఒప్పుకోలుగా లెక్కవేయడం నాకు నేర్పినవాళ్ళు, జవాబు చేతిలో పెట్టుకుని కూడా మనిషి ఊరుకోగలడని చెప్పలేదు. నేను క్షమాపణ మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

“నాకు చెప్పేదేంది? యాడ అన్నావో ఆడ చెప్పు. యెవరు ఇన్నారో వాళ్ళు ఇనల్ల.”

సాయంకాలం పాలవేళకు వెళ్ళాను. డెయిరీ ముందు క్యాన్లు, చెంబులు వరుసలో ఉన్నాయి. ఆ రోజు రాళ్ళదగ్గర ఉన్నవాళ్ళు దాదాపు అందరూ అక్కడే ఉన్నారు. ఊళ్ళో అందరినీ ఒకచోట చేర్చేది పాలవేళే. అక్క ఒక గాజు గొట్టంలో పాలు పోసి, తేలే సూదిని కంటికెదురుగా పెట్టుకుని చూస్తోంది. బస్సులో వస్తూ ఒక ప్రసంగం తయారు చేసుకున్నాను. “అందరూ ఒక్క నిమిషం వినాలని ప్రార్థిస్తున్నాను” అన్నాను.

“పాలకి రేటు పెంచినారా?” అన్నాడు వెనకనుంచి ఎవరో.

“పెంచింటే ఇంత మర్యాదగా చెప్తారా, సుమ్నే నోరు మూసుకుని ఉండప్పా,” అన్నది ఇంకొకామె.

ప్రసంగం మరిచిపోయాను. “ఆ రోజు నేను చెప్పింది తప్పు. మా చిన్నాయనకు ఆ నంబరు అక్కర్లేదు. ఎవరిమీదా కేసు వచ్చేది కాదు. నేను సరిగా చదవలేదు.”

పడమటి తాత వరుసలో నాలుగోవాడు. తన చెయ్యి వైపు చూసుకున్నాడు.

“అయితే కేసు లేదా?”

“లేదు తాతా.”

“నా చెయ్యి రాయికి జానెడు దూరంలో ఉండె కదమ్మా,” అన్నాడు. కోపంగా అనలేదు. అదే నేను తట్టుకోలేకపోయాను.

అక్క నన్ను చూడలేదు. “జరుగమ్మా, క్యాను రావల్ల,” అంది. జరిగాను. చివరి చెంబుదాకా పరీక్షించింది, రాసింది, గాజు గొట్టం కడిగింది. అందరూ వెళ్ళాక అడిగింది: “ఇంగ యేమి, మాపు చెయ్యమని అడగల్లని వచ్చినావా?”

తలూపాను.

“మాపు నేనేం చేసుకునేది? దాంట్లో పొయ్యి పెట్టుకోవచ్చునా? నాకు ఇల్లు కావల్ల. మీ చిన్నాయనని రమ్మను.”

చిన్నాయన వచ్చాడు. ఈసారి దొరికింది అదే ఊళ్ళో, ఒక ఇంటి పెరటిలో సగం. ఈ ఏడాదిన్నరలో ధరలు పెరిగి అక్కకు అందుబాటులో మిగిలింది అంతే: పాత స్థలం కొలతలో సగం. పెరడును విడదీసి కొత్త ఖాతా చేయించాలి. కంప్యూటరులో ఎక్కిన ఖాతా, అంటే ఈ-ఖాతా, లేనిదే రిజిస్ట్రేషను జరగదని రాష్ట్రం నియమం పెట్టింది. ఆ పని నేను అడిగి తీసుకున్నాను. పంచాయతీ ఆఫీసుకు పదిహేనుసార్లకు పైగా తిరిగాను. కొలతల నకలు కావాలన్నారు, తెచ్చాను. ఫొటోలో గోడ కనబడలేదన్నారు, మళ్ళీ తీశాను. సర్వర్ లేదన్నారు, అధికారి క్యాసంబళ్ళిలో మీటింగుకు వెళ్ళాడన్నారు. నేను వేదికమీద సమర్థించిన తరహా నియమాన్ని ఆ వరుసలో నిలబడి మొదటిసారి చూశాను. నా ముందు నిలబడ్డవాళ్ళెవరికీ అది వాదన కాదు. పోగొట్టుకున్న ఒక రోజు కూలి. అయినా ఖాతా చేతికి వచ్చాక, దానిమీద అక్క పేరు ఎక్కబోయే చోటును చూశాక, ఆ నియమం ఎందుకుందో కూడా అర్థమైంది. ఈ రెండూ ఏకకాలంలో నిజమని చెప్పే పక్షం మా పోటీల్లో ఉండేది కాదు.

రాళ్ళకోసం చిన్నమ్మను అడిగితే, పెరట్లో కోళ్ళగూటి కిందనుంచి తీయించింది. ఆ నాలుగే. చిన్నాయన వాటిని కడిగి మోపెడ్ మీద పేర్చుకున్నాడు. నేను వెనక ఎక్కబోయాను.

“నువ్వు వద్దు తల్లీ,” అన్నాడు నేలవైపు చూస్తూ. “కొత్త సైటుకి గూడా ఒక పక్క ఆ పడమటి తాతదే. ఆ పాప వస్తే నేను రాను అన్నాడు. మళ్ళా యేదో ఒకటి అంటాది, నా చెయ్యి వణుకుతాది అన్నాడు. తమాసాకే అన్నాడు లే.” తర్వాత, “అయినా వద్దు,” అన్నాడు.

బేతమంగళ బస్టాండులో, టీ అంగడి బల్లమీద కూర్చున్నాను. గోడమీద నా ఫొటో ఇంకా ఉంది. ఎండకు ముఖం వెలిసిపోయి, కప్పు మటుకు మిగిలింది. అంగడాయన టీ ఇస్తూ, “యెవురి కోసరమమ్మా?” అన్నాడు. గ్లాసు అందుకుని చెరువుకట్ట వైపు చూశాను. తాత రాకపోతే, వచ్చినా నన్ను తలుచుకుని చెయ్యి వెనక్కి తీసుకుంటే, మూడోసారి అక్కకు సగమైనా మిగలదు. ఒప్పించడానికి అక్కడ నేను లేను. లేకపోవడమే ఆ రోజు నేను ఆమెకు చేయగలిగిన పని.

రెండు బస్సులు వెళ్ళాయి. టీ రెండోసారి తాగాను. అప్పుడు చెరువుకట్ట వైపునుంచి మోపెడ్ వచ్చింది. చిన్నాయన వెనక అక్క కూర్చుని ఉంది, ఒడిలో సంచి పెట్టుకుని. నేను వాళ్ళ ముఖాలు చూడలేదు. చిన్నాయన కాళ్ళ దగ్గర చూశాను. రాళ్ళు లేవు, అవి ఉన్నచోట నాలుగు నీటి మరకలు, ఆయన పాదాలకు ఎర్రమట్టి.

మోపెడ్ ఆగింది. అక్క దిగి, సంచిలోంచి రిజిస్ట్రేషనుకు ఇవ్వబోయే కాగితాలు తీసి నా ముందు బల్లమీద పెట్టింది. “చదువు,” అంది. “ఈ తూరి మొదటినుంచి కడదాకా చదువు. నేను కూర్చోనుంటాను.”